గొంతు దిగువన పులిపిరి, ఇంట్లో అనుమానం

ఈసారి వచ్చిన ఉత్తరం ఆరు పేజీలు. పేరూ వివరాలూ వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినావిడకు 41 ఏళ్లు. పెళ్లయి 16 ఏళ్లయింది, 12 ఏళ్ల కూతురుంది. ఆరేళ్లుగా గుండెల్లో మంట. రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి. ఓర్చుకోలేనంత మంట ఉన్న రోజున ఒక మాత్ర వేసుకుని, తగ్గగానే మానేస్తూ నెట్టుకొచ్చారు. మూడు నెలల కిందట, మింగిన ముద్ద రొమ్ము మధ్యలో ఆగి ఆగి దిగుతున్నట్టు అనిపించడంతో డాక్టర్ ఎండోస్కోపీ చేశారు. ముందు పళ్ల నుంచి 34 సెం.మీ. దగ్గర 4 మి.మీ. తెల్లటి బొడిపె ఉందని, చిన్న హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉందని, ఆమ్లం వల్ల అన్నవాహిక అడుగున ఒరిసిపోయిందని రాశారు. బొడిపెను తుంచి పరీక్షకు పంపారు. వారం తర్వాత వచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘స్క్వామస్ పాపిలోమా. డిస్‌ప్లేసియా లేదు. కోయిలోసైట్లను పోలిన కణాలు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. హెచ్‌పీవీతో సంబంధం ఉండవచ్చు.’ డాక్టర్ ‘భయపడాల్సిందేమీ లేదు, మంటకు మందు వాడండి’ అని రెండు నిమిషాల్లో పంపించేశారు.

ఆ రిపోర్టు ఆమెకన్నా ముందు భర్త చదివారు. ఫోన్‌లో వెతికారు. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) లైంగికంగా సంక్రమిస్తుందని కనపడింది. ఆఖరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, కాగితం బల్ల మీద పెట్టి, ‘ఎవరు?’ అని అడిగారట. ఆమె ఏడుస్తూ ‘నా జీవితంలో మీరు తప్ప ఎవరూ లేరు’ అని కూతురి మీద ఒట్టేశారు. ఆ రోజు నుంచీ ఆయన పడక ముందు గదిలోకి మారింది. ఈమె మంచినీళ్ల గ్లాసు మిగతా గ్లాసుల్లోంచి తీసి కిటికీ గట్టు మీద విడిగా పెట్టారు. వాళ్ల అక్కకు ఫోన్ చేసి ‘దీనికి సుఖవ్యాధి’ అని కూడా చెప్పారు.

ఆఖరి పేజీలో ఆవిడ రాసినది ఇది: ‘ఆ ఒట్టు పూర్తిగా నిజం కాదండీ. పెళ్లికి మూడేళ్ల ముందు, నాకు 22 ఏళ్లప్పుడు, ఒకతనితో కొన్ని నెలలు దగ్గరగా ఉన్నాను. పెళ్లయ్యాక మాత్రం ఆయన తప్ప ఇంకొకరు లేరు. అప్పటి తప్పు ఇప్పుడు గొంతులో మొలిచిందా? ఆయనకు చెప్పేయాలా? ఇంకేదైనా పరీక్ష చేయించుకుని నేను మంచిదాన్నని నిరూపించుకోవచ్చా? ఇది క్యాన్సర్ అవుతుందా? నా కూతురికి అంటుకుంటుందా?’

అయిదు ప్రశ్నలూ చదివాను. మీరు రాసిన వరసలో కాకుండా నాకు తోచిన వరసలో మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ముందు ఆ ఎర్ర గీత దగ్గరికి వద్దాం. ఆ వాక్యాన్ని ఇంకోసారి నిదానంగా చదవండి. ‘హెచ్‌పీవీ ఉంది’ అని అందులో లేదు. ‘పోలిన’, ‘అక్కడక్కడా’, ‘ఉండవచ్చు’ అని ఉంది. ఈ మూడు మాటలూ పాథాలజిస్టు చేతికొచ్చినట్టు రాసినవి కావు, ఆచితూచి వేసినవి. మీ ముక్కలో వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్ష అసలు జరగలేదు. జరిగిందల్లా ఆ ముక్కను పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటం. కొన్ని కణాల్లో కేంద్రకం ముడతలు పడి, దాని చుట్టూ తెల్లటి ఖాళీ వలయం కనిపిస్తే వాటిని కోయిలోసైట్లు అంటారు. గ్రీకులో ‘కోయిలోస్’ అంటే బోలు. 1956లో కాస్, డర్ఫీ అనే ఇద్దరు పెట్టిన పేరిది. గర్భాశయ ముఖద్వారంలో ఇలాంటి బోలు కణం కనపడితే హెచ్‌పీవీ అనుకోవడానికి గట్టి ఆధారమే. అన్నవాహికలో అంత గట్టిది కాదు. అక్కడి పైపొర కణాల్లో గ్లైకోజన్ మామూలుగానే నిల్వ ఉంటుంది. రంగు వేసేటప్పుడు అది కరిగిపోతే కణం బోలుగానే కనపడుతుంది. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలి ఒరిసిన చోట కూడా కేంద్రకాల చుట్టూ ఇలాంటి వలయాలే వస్తాయి. ‘పోలిన’ అనే మాట అందుకు పడింది. మీవారు గీత గీయాల్సింది ‘హెచ్‌పీవీ’ కింద కాదు, ‘ఉండవచ్చు’ కింద.

ఇక ఆ బొడిపె సంగతి. పాపిలోమా అంటే పులిపిరి లాంటిది. చర్మం మీద పులిపిరి ఎలా చిన్న చిన్న వేళ్లు కలిపి పెట్టినట్టు గరుగ్గా ఉంటుందో ఇదీ అంతే, మధ్యలో సన్నటి రక్తనాళం, పైన మామూలు పైపొర. అరుదైనదే. వెయ్యి మందికి ఎండోస్కోపీ చేస్తే అయిదుగురిలో కూడా కనపడదు. ఎక్కువగా నడివయసులో, ఒక్కటే, అయిదారు మిల్లీమీటర్ల లోపు, వేరే దేనికోసమో చూస్తుంటే బయటపడుతుంది. మీకూ అలాగే బయటపడింది. అన్నవాహిక దాదాపు 25 సెం.మీ. పొడవుండే గొట్టం, ముద్ద దిగేటప్పుడు సుమారు రెండు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. అంత గొట్టంలో 4 మి.మీ. బొడిపె ముద్దను ఆపలేదు. మీకు ఆగినట్టు అనిపించింది బహుశా ఒరుపు వల్ల. ఆ ఇబ్బంది మందుతో తగ్గకపోతే దాని సంగతి వేరుగా చూడాలి, పులిపిరి ఖాతాలో వేసి ఊరుకోకూడదు.

పులిపిరి ఎందుకొచ్చింది? ఇక్కడే అసలు మెలిక ఉంది. చర్మం మీదా జననాంగాల దగ్గరా వచ్చే పులిపిర్లకు హెచ్‌పీవీ కారణమన్నది ఖాయం. అన్నవాహిక పులిపిర్లకు మాత్రం ఆ మాట అంత ఖాయంగా చెప్పలేం. 1982లో ఫిన్లాండ్ పాథాలజిస్టు కారి సిర్యానెన్, అన్నవాహిక ముక్కల్లో హెచ్‌పీవీ పోలికలున్న కణాలు చూసి, ఇక్కడా ఈ వైరస్ పాత్ర ఉందేమోనన్నాడు. అప్పట్నుంచి నలభై ఏళ్లకు పైగా వాదన సాగుతూనే ఉంది. కొన్ని అధ్యయనాల్లో పాపిలోమాల్లో సగానికి పైగా వైరస్ దొరికింది. కొన్నిట్లో ఒక్కదాంట్లో కూడా దొరకలేదు. పరీక్షించే పద్ధతి మారితే లెక్క మారిపోతుంది, ప్రాంతం మారినా మారుతుంది. వైరస్ కాక మిగిలిన అనుమానితుల్లో మొదటిది ఏళ్ల తరబడి రాపిడి: ఆమ్లం పైకి తన్నడం, హయాటస్ హెర్నియా, ఎప్పుడైనా ముక్కులోంచి గొట్టం వేసి ఉండటం, పొగ, మద్యం.

ఇప్పుడు మీ ఎండోస్కోపీ కాగితం తీయండి. ‘34 సెం.మీ.’ అంటే ముందు పళ్ల దగ్గర నుంచి గొట్టం మీద కొలిచిన దూరం. జీర్ణాశయం మొదలయ్యేది సుమారు 40 దగ్గర, హెర్నియా ఉంటే ఇంకాస్త పైనే. అంటే మీ పులిపిరి అన్నవాహిక కింది భాగంలో, ఆరేళ్లుగా ఆమ్లం తడుపుతున్న చోటికి ఆనుకుని మొలిచింది. అదే కాగితంలో హెర్నియా అని ఉంది, ఒరుపు అని ఉంది. మీవారు రెండో కాగితంలో చివరి వాక్యం చదివారు గానీ మొదటి కాగితం చదవలేదు. మీ పులిపిరికి ఆమ్లమే కారణమని నేను ఒట్టేసి చెప్పను. కానీ వైరస్ మీద ఉన్నంత అనుమానం, నా లెక్కలో అంతకన్నా కాస్త ఎక్కువే, దాని మీదా ఉంది.

సరే, వైరస్సే అనుకుందాం. అప్పుడైనా ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుందా? దొరకదు.

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. కొన్ని చేతుల మీదా పాదాల మీదా పులిపిర్లు తెస్తాయి, నలభై దాకా జననాంగాల పొరల్లో చేరతాయి, వాటిల్లో కొన్ని నోట్లోనూ గొంతులోనూ కూడా. లైంగిక జీవితం మొదలుపెట్టిన వాళ్లలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, సోకిన సంగతి కూడా తెలియదు. జ్వరం రాదు, నొప్పి ఉండదు. ఎక్కువ మందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని అణిచేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి తర్వాత ఎప్పుడో తల ఎత్తుతుంది. ఒక్కరితోనే జీవితమంతా గడిపినవాళ్లకీ వస్తుంది, ఆ ఒక్కరికి ఎప్పుడో సోకి ఉంటే చాలు. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు చేరి, పసిపిల్లల స్వరపేటికలో పులిపిర్లు తెప్పించడం కూడా ఉంది. అందుకు కారణం ఎక్కువగా 6, 11 రకాలు. అందుచేత మీ ముక్కలో వైరస్ దొరికినా అది నిన్నటిదో, పందొమ్మిదేళ్ల కిందటిదో, మీవారి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పగల ల్యాబ్ ప్రపంచంలో లేదు. దాని మీద తేదీ ఉండదు, పేరు ఉండదు.

‘అప్పటి తప్పు ఇప్పుడు మొలిచిందా’ అన్నారు. ఈ జవాబే దానికీ వర్తిస్తుంది. మొలిచిందనీ చెప్పలేం, మొలవలేదనీ చెప్పలేం. 22 ఏళ్ల వయసులో పెళ్లి కాని మీరు ఒకరితో దగ్గరగా ఉండటాన్ని తప్పు అనాలో వద్దో మీ ఇష్టం. నేనైతే అనను. జబ్బును మాత్రం శిక్షగా చదువుకోకండి. ఆరేళ్లు ఆమ్లం పైకి తన్నుతుంటే మందు సరిగ్గా వాడకపోవడం ఇందులో కళ్లకు కనపడుతున్న సంగతి.

క్యాన్సర్ భయం. ఫోన్‌లో హెచ్‌పీవీ అని కొట్టగానే వచ్చేదంతా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించే, రావడం సహజం కూడా. 1983, 84ల్లో ఆ క్యాన్సర్లో 16, 18 రకాలను పట్టుకున్న హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. గర్భాశయ ముఖద్వారం, యోని, పురుషాంగం, మలద్వారం, నాలుక మొదలు, టాన్సిల్స్: ఈ చోట్ల హెచ్‌పీవీ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఆ జాబితాలో అన్నవాహిక లేదు, ఆధారాలు చాలవు కాబట్టే లేదు. అన్నవాహిక క్యాన్సర్‌కు తెలిసిన కారణాలు వేరు. ఒక రకానికి పొగాకు, మద్యం, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే అలవాటు. ఇంకో రకానికి ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నడం, ఊబకాయం. మీ రిపోర్టులో ‘డిస్‌ప్లేసియా లేదు’ అని ఉంది చూశారా, అంటే కణాలు చెడుదారి పట్టిన జాడ లేదు. ఆ కాగితం మొత్తంలో గీత గీయదగ్గ వాక్యం అదే, దాన్ని మీ ఇంట్లో ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. ఒంటరి చిన్న పాపిలోమా క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. అలా మారినట్టు రాసినవి ఎక్కువగా అన్నవాహిక నిండా గుంపులుగా వచ్చినవో బాగా పెద్దవో.

అయితే డాక్టర్‌ను ఒక ప్రశ్న అడగాలి: పులిపిరిని మొత్తం తీసేశారా, పరీక్షకని కొంచెమే తుంచారా? 4 మి.మీ. అయితే ఫోర్‌సెప్స్‌తో ఒకటి రెండు పట్లలో మొత్తం వచ్చేస్తుంది, చాలాసార్లు అదే వైద్యం కూడా. తీసేసినది తిరిగి రావడం అరుదు. కొంచెమే తుంచి ఉంటే రెండు దారులు. ఇంకోసారి ఎండోస్కోపీ చేసి మిగిలింది తీయించుకోవచ్చు. అప్పుడు మనసు నిమ్మళంగా ఉంటుంది, కాకపోతే మరోసారి గొట్టం మింగాలి. లేదా మంటకు మందు వాడి కొన్ని నెలల తర్వాత ఎలాగూ చూసేటప్పుడే తీయించుకోవచ్చు. ఒరుపు కూడా మానిందో లేదో ఒకే దెబ్బకు తెలుస్తుంది. ఒక్క పాపిలోమా పూర్తిగా తీసేశాక ఎన్నాళ్లకు మళ్లీ చూడాలన్న దానిపై అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. ఒక డాక్టర్ ఏడాదికి రమ్మంటే ఇంకొకరు అక్కర్లేదంటారు, ఇద్దరిదీ తప్పు కాదు. మింగడం కష్టమవుతూ పోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత ఉంటే మాత్రం గడువు కోసం ఆగకండి.

మంట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఓర్చుకోలేనప్పుడు ఒకటి వేసుకునే పద్ధతి మానండి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ జాతి మాత్రలు తినడానికి అరగంట ముందు, రోజూ, డాక్టర్ చెప్పినన్ని వారాలూ వేసుకుంటేనే ఒరుపు మానుతుంది. మంట మొదలయ్యాక వేసుకుంటే నిప్పంటుకున్నాక బావి తవ్వినట్టే. రాత్రి తిన్నాక మూడు గంటల దాకా పడుకోకండి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తండి, దిండ్లు పేర్చడం కంటే అది నయం.

ఇప్పుడు పరీక్ష. ‘నిరూపించుకోవచ్చా’ అన్నారు. ఆ ముక్క మీదే వైరస్ కోసం వెతకవచ్చు. పీసీఆర్ ఉంది, కణంలోనే వైరస్ జన్యువును రంగుతో చూపే ఇన్ సిటూ హైబ్రిడైజేషన్ ఉంది. చేయిస్తే ఏమవుతుందో ముందే ఆలోచించండి. ‘లేదు’ అని వస్తే మీవారు కొన్నాళ్లు చల్లబడతారు, నిజమే. కానీ మీ ఇద్దరి మధ్యా ఒక పద్ధతి మొదలవుతుంది, అనుమానం వచ్చినప్పుడల్లా మీరు కాగితం తెచ్చి చూపించాలి. ‘ఉంది’ అని వస్తే ఆయన దృష్టిలో నేరం రుజువైపోతుంది, నిజానికి ఆ ‘ఉంది’కి మీ నడవడికతో సంబంధమే లేకపోయినా. పైగా పీసీఆర్ ఎంత సున్నితమంటే వేరే చోటి నుంచి వచ్చిన రవ్వంత వైరస్‌ను కూడా పట్టేస్తుంది. ఏ ఫలితం వచ్చినా మీ వైద్యం మారదు. హెచ్‌పీవీని చంపే మందు లేదు, ఉన్నా లేకపోయినా పులిపిరిని తీయడం, మంటకు మందు వాడటం, అంతే. వైద్యం మార్చని పరీక్షను నేనైతే చేయించను. కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు. పరీక్ష లేకపోతే ఒక్క రోజు కూడా గడవదనిపిస్తే చేయించుకోండి, కాకపోతే ‘ఉంది అని వచ్చినా దాని అర్థం ఇది’ అని డాక్టర్ నోటితో ఆయనకు ముందే చెప్పించాకే. ఆయన్ని పరీక్ష చేయిద్దామా అనుకుంటారేమో, మగవాళ్లలో హెచ్‌పీవీ కోసం మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు. రక్త పరీక్షతో తేలేదీ కాదు.

‘మీ దగ్గర్నుంచే వచ్చిందేమో’ అనే మాట మీ నోటి చివర ఉండే ఉంటుంది. వైద్యపరంగా అది సాధ్యమే. కానీ కోపంలో అంటే ఆయన చేసిన పనే మీరూ చేసినట్టు, లేని సాక్ష్యంతో నేరం మోపడం. ఇదే మాట డాక్టర్ ఎదుట, ‘ఎవరి నుంచైనా, ఎప్పుడైనా రావచ్చు, ఇద్దరిలో ఎవరికీ తెలియకుండానే’ అన్నట్టుగా వస్తే తీరు వేరు.

అందుకే నాకు అన్నిటికన్నా మేలనిపించే దారి, ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గర కూర్చోవడం. రెండు నిమిషాల్లో పంపించేశారని మీకు కోపంగా ఉంది. ఆయన చెప్పింది తప్పు కాదు గానీ, ఆ రిపోర్టు ఇంటికెళ్లాక ఏం చేస్తుందో ఊహించలేదు. మా డాక్టర్లలో చాలామందికి ఈ జబ్బుంది, కణం గురించి ఆలోచిస్తాం, కాపురం గురించి ఆలోచించం. ఫోన్ చేసి ‘రిపోర్టు గురించి మాట్లాడాలి, ఇద్దరం వస్తాం, కాస్త సమయం ఇవ్వండి’ అని ముందే చెప్పండి. మీవారు రానంటే? రిపోర్టును రాతపూర్వకంగా వివరించమని అడగవచ్చు, వేరే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవవచ్చు. ఆయనకు నమ్మకమున్న డాక్టర్ ఎవరైనా ఉంటే, మీకు ఇష్టమైతేనే, రెండు కాగితాలూ అక్కడికి పంపవచ్చు. మీరు ఎంత చెప్పినా ఇప్పుడు ఆయన చెవికి అది ముద్దాయి వాదనలాగే వినపడుతుంది. మూడో మనిషి చెబితే వినపడవచ్చు.

వాళ్ల అక్కకు చెప్పడం మాత్రం ఆయన చేసిన తప్పే. మీ ఒంటి సంగతి మీ అనుమతి లేకుండా మూడో చెవిన వేశారు, అదీ తప్పుడు పేరుతో. మీ వదినగారి ముందు మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఆవిడ అడిగితే ‘అది అన్నవాహికలో చిన్న పులిపిరి, భయపడాల్సిందేమీ లేదన్నారు వదినా’ అని ఊరుకోండి. సరిదిద్దాల్సింది ఫోన్ చేసినాయన. ఆయన చల్లబడ్డాక ఆ మాట అడగండి, మరిచిపోకుండా అడగండి.

పాత సంగతి చెప్పాలా? మీరు ఒట్టు దగ్గర ఇరుక్కుపోయారు. ఆయన అడిగింది ఇప్పటి గురించి. భయంలో, ఆయన అడిగినదానికన్నా పెద్ద జవాబు మీరిచ్చారు.

చెప్పకపోతే: రిపోర్టు విషయంలో మీరు ఆయన్ని మోసం చేసినట్టు కాదు, ఎందుకంటే ఆ రిపోర్టుకూ దానికీ ముడి ఉందని ఎవరూ చెప్పలేరు. పెళ్లికి ముందు జీవితం మీ సొంతం. కానీ ఒట్టు మీ మనసులో నలుగుతూనే ఉంటుంది. అతని పేరు ఎప్పుడైనా ఇంకెవరి నోటనైనా వస్తుందేమోనన్న భయమూ ఉంటుంది. చెబితే: మీకు బరువు దిగవచ్చు. కానీ ఈ వారమే చెబితే ఆయన ఆ రెండింటినీ కలిపి కుట్టేస్తారు, ‘అదీ సంగతి, అందుకే వచ్చింది’ అని. తర్వాత ఎంతమంది డాక్టర్లు చెప్పినా ఆ కుట్టు విప్పడం కష్టం. మధ్యేమార్గం ఒకటుంది. ముందు రిపోర్టు గొడవ దాని దారిన తేలనివ్వడం. కొన్ని నెలలు గడిచి ఇంట్లో మామూలు మాటలు మొదలయ్యాక, అప్పటికీ చెప్పాలనే ఉంటే, చెప్పాలని మీకు ఉంది కాబట్టి చెప్పడం. నా మొగ్గు ఇటే. ఇందులోనూ నష్టముంది. ‘అప్పుడు అడిగినప్పుడు ఎందుకు దాచావు’ అని అడుగుతారు. ‘భయమేసింది’ అనడమే దానికి జవాబు. ఆ జవాబు వినగలిగే మనిషా కాదా అన్నది మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఒక విషయం మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఆయన మీ మీద చెయ్యి చేసుకున్నారా? ఇంట్లోంచి పొమ్మన్నారా, పిల్లను దూరం చేస్తానన్నారా? అలాంటిదేమైనా ఉంటే పైన చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టండి. అప్పుడు పాత సంగతి ఒక్క ముక్క కూడా చెప్పకండి. మీ తరఫున నిలబడే ఒక మనిషికి జరుగుతున్నదంతా చెప్పి, వెళ్లి ఉండటానికి ఒక చోటు ముందే చూసుకోండి.

అమ్మాయి గురించి. ఒకే గ్లాసులో నీళ్లు తాగితే, పక్కన పడుకుంటే, ముద్దు చేస్తే మీ అన్నవాహికలో ఉన్న పులిపిరి పిల్లకు రాదు. ఆ గ్లాసు కిటికీ గట్టు మీద ఉండటానికి వైద్యంలో ఏ కారణమూ లేదు, తీసి మిగతావాటితో కలిపేయండి. 12 ఏళ్ల పిల్ల అది అక్కడెందుకుందో అడగకపోయినా చూస్తూనే ఉంటుంది. పిల్లకు చేయాల్సింది వేరే ఉంది, హెచ్‌పీవీ టీకా. 2006 నుంచీ వాడకంలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించమంటోంది, ఆ వయసులో ఒకటి రెండు డోసులు చాలు. చాలా దేశాల్లో మగపిల్లలకూ వేస్తున్నారు. మీ జబ్బు వల్ల కాదు, ఆ వయసు వచ్చింది కాబట్టి వేయించండి. మీకు టీకా వేస్తే ఉన్న వైరస్ పోదు, పులిపిరీ పోదు. కొత్త రకాల నుంచి కొంత రక్షణ ఉంటుంది, 41 ఏళ్లకు ఆ లాభం తక్కువే. కావాలంటే మీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

మీరు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. 30 దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవాల్సినదే. హెచ్‌పీవీ పరీక్ష అయితే 5 నుంచి 10 ఏళ్లకోసారి సరిపోతుంది. గొంతు పులిపిరి వల్ల ఇది అదనంగా అవసరమని కాదు, ఎలాగూ చేయించుకోవాల్సినది ఇన్నాళ్లూ మానేసి ఉంటే అని అడుగుతున్నాను. దానికి వెళ్లేది మీ ఆరోగ్యం కోసం. ఆ ఫలితం బల్ల మీద పెట్టాల్సిన పని లేదు.

పరీక్ష విషయంలో ఇంకొక్కటి. ‘ఇప్పుడే చేయించకపోతే అవకాశం పోతుంది’ అని రాశారు. పోదు. మీ పులిపిరి ముక్క మైనం దిమ్మలో అదిమి ల్యాబ్‌లో భద్రంగా ఉంటుంది. ఆ దిమ్మల్ని ఏళ్ల తరబడి దాస్తారు. ఆరు నెలల తర్వాత అడిగినా, ఇద్దరూ కలిసి అడిగినా, అందులోంచి ఇంకో పల్చటి పొర కోసి చూస్తారు. రిపోర్టు మీద ఉన్న స్పెసిమెన్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఈ వారానికి అది చాలు.